వాన పడితేనే వచ్చే లస్కరు

మా పెరట్లో ఈశాన్యం మూల ఒక కప్పల కుటుంబం రెండు నెలలపాటు కాపురం చేసింది. వాటిని పిలిచి, చోటు చూపించి, నీళ్ళ సదుపాయం కూడా చేసినవాణ్ణి నేనే. వాటిని ఖాళీ చేయించిన మనిషి దసరా వెళ్ళిన వారంలో పోయారని ఆయన కూతురు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి చెప్పింది విని, ఫోన్ పెట్టేశాక, ఆయన నంబరు ఏ పేరుతో దాచుకున్నానో చూశాను. 'వాన లస్కరు' అని ఉంది. మూడేళ్ళ పరిచయంలో అసలు పేరు రాసుకోవాలని నాకు తోచనే లేదు.

లస్కరంటే కాలవల మీద షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగి. ఏ తూముకి ఎంత వదలాలో, ఏ గట్టు ఎక్కడ నానిందో నడుస్తూ చూసుకోవడం అతని పని. ఆయనది కోడూరు దగ్గర ఒక పల్లె. ముప్పై ఏళ్ళు గట్ల మీద తిరిగి రిటైరయ్యాక, మా ఊరు చల్లపల్లిలో కూతురింటికి వస్తూ పోతూ, ఎవరి దొడ్లోనైనా నీళ్ళు నిలిస్తే చూసి పెడుతుండేవారు.

'నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు' అంటారు. ఇందులో మొదటి సగాన్ని బందరు కాలేజీలో ముప్పై రెండేళ్ళు పాఠంగా చెప్పినవాణ్ణి నేను. ఫిజిక్సు లెక్చరర్ని. అలాంటివాడి పెరట్లోకి నీళ్ళ సంగతి చూడ్డానికి లస్కరు ఎందుకు రావలసి వచ్చిందో చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామంటే మా ఆవిడ ఊరుకోదు.

మా ఆవిడకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక నెల రోజులు గదిలోనే ఉంది. గోడ గడియారాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి విసిగిపోయింది. ఒక రోజు, "నాకు కాస్త బయట కూర్చోడానికి చోటు చూడండి. అంతకంటే ఏమీ అడగను" అంది.

ఆవిడ అడిగింది ఒక కుర్చీ పట్టేంత చోటు. నేను ఫోన్ తీసి వీడియోలు చూడ్డం మొదలుపెట్టాను. ఎక్కడెక్కడి వాళ్ళో తమ పెరళ్ళని ఎలా మార్చుకున్నారో చూపిస్తారు. ముందు పిచ్చిమొక్కలు, పది నిమిషాలు తిరిగేసరికి పచ్చిక, దీపాలు, ఊయల, వాటి మధ్య నవ్వుతూ కాఫీ తాగే జంట. పదిహేను రోజులు చూశాక గ్రాఫు కాయితం తెచ్చి, పెన్సిలు చెక్కి, ప్లాను గీశాను.

"ఇది అవుట్‌డోర్ లివింగ్" అని చూపించాను.

"అంటే బయట కూర్చోవడమేగా?" అంది.

"అంత చిన్న మాట కాదులే" అన్నాను.

మాది పడమర ముఖం ఇల్లు. పెరడు తూర్పున. ఫిజిక్సు చెప్పినవాణ్ణి కదా, వాస్తు నమ్మను. నమ్మకపోయినా అడగడంలో తప్పేముందని ఒక సిద్ధాంతి గారిని పిలిపించాను. ఈశాన్యం అన్నిటికంటే పల్లంగా ఉండాలనీ, వాన నీళ్ళు అటే నడవాలనీ ఆయన చెప్పారు. ఈశాన్యం మూలలో పక్కింటివారి గోడ ఉంది. నీళ్ళు బయటికి పోవడానికి అసలైన చోటు ఆగ్నేయం మూల, అక్కడ గోడకి అవతల పంచాయతీ మురుగుకాలవ పారుతోంది. ఈ సంగతి నాకూ తెలుసు, సిద్ధాంతి గారికీ కనిపిస్తూనే ఉంది. ఇద్దరం పెద్దమనుషులం కాబట్టి ఆ ప్రస్తావన తేలేదు. కొద్దిపాటి నీళ్ళు నేలే తాగేస్తుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మా వైపు బంకమట్టి నేల ఎప్పుడు ఏం తాగింది గనక!

ఎనిమిది ట్రాక్టర్ల బుసక, అంటే ఇసకమట్టి, తోలించి దక్షిణం వైపు మెరక చేయించాను. పైన టైల్సు. వంటింటి వెనక గుమ్మం దగ్గర్నుంచి దిగడానికి నున్నటి గ్రానైటు మెట్లు నాలుగు. ఆ చివర, ఈశాన్యంలో, ఇనప కమ్మీల పందిరి, దాని కింద ఊయల బల్ల. పక్కన ఒంటికాలి మీద నిలబడిన సిమెంటు కొంగ. ఆ కొంగ ప్లానులో లేదు. గుడివాడ రోడ్డు పక్కన అమ్ముతుంటే చూసి మనసు పారేసుకున్నాను.

అంతా పూర్తయ్యాక మా ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని వెనక గుమ్మం దాకా తీసుకొచ్చాను. ఆవిడ మెట్ల వంక చూసింది. మోకాళ్ళ వంక చూసుకుంది. "బాగుంది, ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తోంది" అని లోపలికెళ్ళిపోయింది.

తరవాత వానలు పట్టుకున్నాయి. మొదటి వానకే పందిరి కింద మోకాల్లోతు నీళ్ళు చేరాయి. ఊయల బల్ల నీటిని తాకుతూ నెమ్మదిగా ఊగుతోంది. సిమెంటు కొంగ మాత్రం తన జన్మ ధన్యమైనట్టు నిలబడింది. మర్నాటికి నిజం కొంగొకటి వచ్చి దాని పక్కన నిలబడి, అది ఎంతకీ కదలకపోయేసరికి నా వంక అనుమానంగా చూసి ఎగిరిపోయింది.

"కాస్త బయట కూర్చుంటానన్నాను. పడవెక్కుతానన్లేదు" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

టైల్సు వేసిన మేస్త్రీని పిలిస్తే, "వాటం బాగానే ఇచ్చాం కదండీ. మీరు చెప్పిన వైపే ఇచ్చాం" అన్నాడు. నీళ్ళు జారడానికి నేలకి ఇచ్చే ఏటవాలుని వాటం అంటారు. నిజమే, వాటం బ్రహ్మాండంగా ఉంది. పెరట్లో ఎక్కడ చుక్క పడినా తప్పిపోకుండా ఈశాన్యానికి వచ్చి చేరుతోంది.

ఆ నీళ్ళలో కప్పలు కాపురం పెట్టి రెండు నెలలయ్యాక, ఎవరినో అడిగి లస్కరు నంబరు సంపాదించింది మా ఆవిడే. నేను ఫోన్ చేశాను.

"ఇప్పుడు వాన పడతందాండీ?" అని అడిగారు.

"లేదు, పొద్దుటే వెలిసింది. తొందరగా వస్తే చూద్దువుగాని."

"పడతన్నప్పుడు చెయ్యండి" అని పెట్టేశారు.

నాకు ఒళ్ళు మండింది. ఎవరైనా వాన లేనప్పుడు వస్తారు. ఈయన వానలో తప్ప రాడట. మూడో రోజు మళ్ళీ పట్టుకుంది. చేశాను. గంటలో, యూరియా సంచీని మూలకి మడిచి తలమీద గొప్పెలా వేసుకుని, లుంగీ ఎగ్గట్టి, ఒక సన్నటి నల్లటి మనిషి గేటు తీసుకుని వచ్చారు. అరవై అయిదేళ్ళుంటాయి. చేతిలో పలుగూ పారా ఏమీ లేవు. నడుముకి చిన్న గుడ్డసంచీ కట్టుకున్నారు.

"ఏమయ్యా, నువ్వేనా లస్కరువి?" అన్నాను. ఆ 'నువ్వు' తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆయన నాకంటే రెండేళ్ళు పెద్ద. లోపల్నుంచి మా ఆవిడ, "లోపలికి రండి, తడిసిపోతున్నారు" అంది, ఆ 'రండి'ని నాకు వినపడేలా నొక్కి.

"తడవడానికే వచ్చానమ్మా" అన్నారాయన.

నేను గొడుగు కింద గ్రాఫు కాయితం విప్పి, కొలతలు వివరించబోయాను. ఆయన మర్యాదగా రెండు నిమిషాలు విన్నారు. తరవాత గుడ్డసంచీలోంచి గుప్పెడు ఊక తీసి నీళ్ళ మీద చల్లారు. మిల్లులో వడ్లు ఆడిస్తే వచ్చే మామూలు ఊక. చల్లి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ఊక తేలుకుంటూ బయల్దేరింది. మెట్ల దగ్గర కాస్త ఆగింది, టైల్సు మీద వేగం పుంజుకుంది, తిన్నగా పందిరి కిందికి వెళ్ళి, సిమెంటు కొంగ కాలి చుట్టూ తిరగడం మొదలెట్టింది.

"ప్రదక్షిణాలు చేస్తందండి మాస్టారూ" అన్నారు. "ఈశాన్యం గదా, పుణ్యమే."

ఎగతాళి చేస్తున్నారో నిజంగానే అంటున్నారో ఆయన మొహం చూసి ఎవరూ చెప్పలేరు. వాస్తు సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా తల ఊపారు.

"నాకు వాస్తు తెలీదండి. డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ కాలవకి ఈశాన్యం ఎటో నాకెవరూ చెప్పలేదు. పల్లం ఎటో మాత్రం చెప్పారు."

ఆపైన గంటసేపు ఆ వానలో పెరడంతా తిరిగారు. నీళ్ళు పాయ చీలిన చోటల్లా ఒక చీపురుపుల్ల గుచ్చారు. నేను గొడుగు పట్టుకుని వెనకాల నడిచాను. ముప్పై రెండేళ్ళలో ఒక్క క్లాసులోనూ నేనంత నిశ్శబ్దంగా లేను. అంతా అయ్యాక ఆయన వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళి, లోపల కుర్చీలో ఉన్న మా ఆవిణ్ణి అడిగారు.

"అమ్మగారూ, మీరు ఎక్కడ కూకుందామనుకున్నారు?"

మా ఆవిడ తెల్లబోయింది. తరవాత లేచి, కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, వేలు చాపి చూపించింది. పందిరిని కాదు. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఉన్న జామచెట్టుని. దాని కింద నేను పెద్ద పూలకుండీలు పేర్చి ఉంచాను.

"అక్కడైతే సందులోంచి వీధి కనపడుతుంది. ఎవరు పోతున్నారో, ఎవరొస్తున్నారో తెలుస్తుంది. ఆ మూలకి పోయి కూర్చుంటే నాకేం కనపడుతుంది, ఆ కొంగ తప్ప?" అంది.

ఎనిమిది ట్రాక్టర్ల బుసక తోలించాను. గ్రాఫు కాయితాలు రెండు ఖరాబు చేశాను. సిద్ధాంతి గారిని అడిగాను, మేస్త్రీని అడిగాను, ఫోనులో ముక్కూమొహం తెలియని వాళ్ళని అడిగాను. కూర్చోవలసిన ఆవిణ్ణి మాత్రం అడగలేదు. నాకు చాలా సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోడానికి, "అదే నేనూ అనుకున్నాను" అన్నాను. వాళ్ళిద్దరూ అప్పటికే పూలకుండీలు ఎటు జరపాలో మాట్లాడుకుంటున్నారు.

పని నాలుగు రోజులు పట్టింది. టైల్సు సగం లేపేశారు. బుసకని దక్షిణం నుంచి ఉత్తరానికి లాగించారు. గ్రానైటు మెట్లు తీసేసి, గుమ్మం నుంచి జామచెట్టు దాకా మట్టితో వాలుగా గట్టు పోసి, కాలితో తొక్కి తొక్కి గట్టిపరిచారు. "మెట్టుంటే ప్రతిసారీ మోకాలికి చెప్పుకోవాలండి. వాలైతే దాంతో పనిలేదు" అన్నారు. రెండో రోజు కూలీ ఒకడు రాకపోతే పార నా చేతికిచ్చారు. "మాస్టారూ, అంగుళం లోతు, అంతే. కుర్రాళ్ళకి చెప్పినట్టు మట్టికి చెప్పండి" అన్నారు. మట్టి నా విద్యార్థుల్లాగే నా మాట వినలేదు. సాయంత్రానికి అరచేతులు బొబ్బలెక్కాయి.

ఆగ్నేయం గోడకి అడుగున కన్నం కొట్టే ముందు మాత్రం నాకు వాస్తు గుర్తొచ్చింది. సిద్ధాంతి గారికి ఫోన్ చేశాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "ఆ మురుగుకాలవ ముందుకెళ్ళి ఎటు తిరుగుతుంది?" అన్నారు. తూర్పుకి పోయి ఉత్తరానికి తిరుగుతుందన్నాను. "ఇంకేం, అంతిమంగా ఈశాన్యానికే వెళ్తున్నాయిగా! దోషం లేదు" అన్నారు. ఈ తీర్పు చెబితే లస్కరు గారు మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వారు.

మళ్ళీ వాన పడి వెలిసిన సాయంత్రం, జామచెట్టు కింద నేల తడిగా ఉంది తప్ప గ్లాసుడు నీళ్ళు కూడా నిలవలేదు. మా ఆవిడ కర్ర ఆనించుకుంటూ ఆ మట్టివాలు మీద నడిచి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఆపరేషన్ అయ్యాక ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆకాశం కిందికి రావడం అదే మొదలు. చేపలమ్మే ఆవిడ సందులోంచి చూసి, "బయటికొచ్చారా అమ్మా!" అని గంప దింపి, చేపలు కొనిపించకుండానే అరగంట కబుర్లు చెప్పి వెళ్ళింది. నాకు చాలా సంతోషంగా అనిపించింది. అందులో నా ప్రమేయం ఏమీ లేకపోవడం ఒక్కటే లోటు.

లస్కరు గారు టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఆ నేలనే చూస్తున్నారు. కూర్చోమంటే, "కూకుంటే వాటం కనపడదండి" అన్నారు. మూడేళ్ళలో ఆయన మా పెరట్లో ఎప్పుడూ కూర్చోలేదు.

ఆ తరవాత ఏటా తొలకరికి పిలవకుండానే వచ్చేవారు. సంచీ గొప్పె, నడుముకి ఊక. జల్లి చూసి, ఎక్కడైనా కాస్త ఆగితే కాలి మడమతో సరిచేసి, నిలబడి టీ తాగి వెళ్ళిపోయేవారు. నీళ్ళ గురించి ఎప్పుడు మాట్లాడినా మనుషుల గురించి మాట్లాడినట్టే ఉండేది. "నీళ్ళంటే వియ్యాలవారండి మాస్టారూ. రాగానే మర్యాద చేసి, సాగనంపెయ్యాలి. ఒక్క పూట ఉండమన్నామా, ఇల్లు వాళ్ళదే" అనేవారు. ఎవరైనా కొత్తగా ఇల్లు కడుతుంటే అటువైపు వెళ్ళి పునాది వంక జాలిగా చూసి వచ్చేవారు. మా ఆవిడతో మాత్రం కాసేపు మాట్లాడేవారు. సందులోంచి ఈ మధ్య ఎవరెవరు కనిపించారో అడిగి తెలుసుకునేవారు. ఆయనకెందుకా సంగతులని నాకు ఆశ్చర్యంగా ఉండేది.

ఆదరణ కూటానికి రమ్మని ఆయన కూతురు చెప్పింది. మనిషి పోయాక సంఘం వాళ్ళంతా చేరి, ప్రార్థన చేసి, ఇంటివాళ్ళని ఓదారుస్తారు. కారు మాట్లాడుకుని అవనిగడ్డ మీదుగా వెళ్ళాం. రెండు రోజులుగా ముసురు. అప్పుడే తెరిపిచ్చింది.

షామియానా రోడ్డు మీదే వేశారు. కుర్చీలన్నీ సిమెంటు రోడ్డు మీదే ఉన్నాయి. ఇంటి ముందు ఇంత జాగా ఉంటే రోడ్డు మీదెందుకనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే తెలిసింది. ఇల్లు రోడ్డుకి రెండడుగుల కింద ఉంది. వాకిలి, పక్కసందు, వెనక పెరడు, అంతా చీలమండ మునిగేంత నీళ్ళు. గుమ్మం దాకా ఇటుకలు పేర్చారు. వాటి మీద ఆడవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడుస్తున్నారు.

పాస్టరు గారి ప్రార్థన అయ్యాక మా ఆవిడ చెప్పులు విడిచి, ఇటుకల జోలికి పోకుండా, నీళ్ళలో దిగి నడిచింది. నేను ప్యాంటు మడుచుకుని వెనకాల వెళ్ళాను. లోపల మంచం మీద ఆయన భార్య కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది. గదిలోనూ నీళ్ళే, మంచం కోళ్ళ కింద ఇటుకలున్నాయి. మా ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"చల్లపల్లి అమ్మగారు గదా మీరు? జాంచెట్టు కింద కూకుంటారు" అంది ఆవిడ. "చేపలామె గంప దించిద్ది గదా మీ దగ్గర. అన్నీ చెప్పేవోరు. ఏ ఇంట్లో ఎవరు ఎక్కడ కూకుంటారో, ఎవరికి ఏం కనపడిద్దో, ఇంటికొచ్చి పూసగుచ్చినట్టు చెప్పేవోరు. వానాకాలం నేను ఈ మంచం దిగేది లేదు. వింటా ఉండేదాన్ని."

"మరి మీ పెరడు..." అని మా ఆవిడ ఆగిపోయింది.

"చుట్టూరా అందరూ మెరకలు తోలుకున్నారమ్మా. రోడ్డూ లేచింది. అందరి నీళ్ళూ ఇటే. మనమూ నాలుగు ట్రాక్టర్లు తోలిద్దామని నేనే పోరేదాన్ని. ఆయనేమో, మనం కూడా ఎత్తయితే ఈ నీళ్ళన్నీ వెనకింటి ముసలమ్మ పొయ్యిలోకి పోతాయే, ఆమె ఒక్కతే ఉంటది, ఎక్కడ ఎత్తి పోసుకుంటది అనేవోరు."

నేను గుమ్మంలో నిలబడి నాలుగు వైపులా చూశాను. అలవాటుకొద్దీ వాటం వెతికాను. ఎటు చూసినా ఎత్తే.

ఆవిడ నన్ను అప్పుడు గుర్తుపట్టింది. "మాస్టారు గారేనా? మిమ్మల్ని అడిగానన్నారండి ఒకసారి."

నాకు గుర్తొచ్చింది. ఆ ఏడు తొలకరికి వచ్చినప్పుడు టీ తాగుతూ, "మాస్టారూ, నాలుగు పక్కలా ఎత్తుండి మధ్యలో పల్లముంటే, ఆ నీళ్ళకి మీ చదువులో ఏవన్నా దారుందాండీ?" అన్నారు. నీళ్ళ గురించి ఆయనకి తెలియనిది ఒకటి నన్ను అడిగారని పొంగిపోయాను. ఎవరికి, ఎక్కడ అని అడగలేదు. "దారేముంటుందండీ, ఎండొచ్చేదాకా ఆగడమే!" అని పెద్దగా నవ్వాను. ఆయనా నవ్వారు. ఆ మాట మా ఆవిడకి కూడా రెండుసార్లు గొప్పగా చెప్పుకున్నాను.

"ఎండొచ్చేదాకా ఆగాలని చెప్పారంట గదండీ మీరు" అంది ఆయన భార్య. "మాస్టారు చదువుకున్నోరు, ఆయనే అన్నాక ఇంక దారి లేదే అన్నారు. ఆ తరవాత నేనూ పోరలేదండి. ఆగాం."

ఆ మాటలో ఎక్కడా దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండేదనిపించింది. మా ఆవిడ ఆమె చెయ్యి వదలకుండా, తల వంచుకుని, మంచం కింది నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది. నా వంక మాత్రం చూడలేదు.